కొంగుముడిలో కృష్ణుడు, ఢిల్లీ మ్యూజియంలో

మా ఇంటి బాలకృష్ణుడు బొటనవేలంత పంచలోహ విగ్రహం. ఆయనకు స్నానం, గంధం, పాల నైవేద్యం ఒక్కరోజు కూడా తప్పకూడదు. ఇల్లు తాళం వేసి పోవాల్సివస్తే దేవుణ్ణి వెంట తీసుకుపోవడం మా అత్తగారి నాటి పద్ధతి. అందుకే పోయినేడు జమ్మలమడుగు వదినతో ఢిల్లీ చూడబోతే, ప్రొద్దుటూరు నుంచి ఆయనా బయల్దేరినాడు.

మేం దిగింది ఉచిత సత్రంలో. గదికి గడియ ఉందన్నమాటే గానీ దాన్ని నమ్మేట్టు లేదు. కోటకు పోయినా, సమాధులు చూడబోయినా, జొన్నరొట్టెల మూట వదిన చేతిలో, స్వామి ఉన్న భరిణె నా సంచిలో.

మ్యూజియం దగ్గర సంచులు బయటే పెట్టమన్నారు. అక్కడి మనిషి నా ముఖం చూడకుండానే టోకెన్ ఇచ్చినాడు. ముఖం చూడనివాడు ఆ సంచి మళ్ళీ ఎవరి చేతికిస్తాడో? పైగా అరలో పక్కనే ఎవరివో తోలు చెప్పులు. వదిన వద్దంటున్నా వినకుండా స్వామిని తీసి కొంగున ముడేసి నడుముకు దోపుకున్నాను. వాకిట్లో తనిఖీ చేసే ఆమె చేతిలోని యంత్రం కీచుమంటే తాళంచెవుల గుత్తి చూపించినాను. పొమ్మంది.

కంచు విగ్రహాల గదిలో, అద్దం వెనక, అచ్చం మా స్వామే. అదే పాకడం, అదే వెన్నముద్ద. ఒంటిమీద మాత్రం చుక్క గంధం లేదు. ఏ ఇంట్లోవాడో, వాళ్ళే ఇచ్చినారో, ఎవరన్నా ఎత్తుకొచ్చినారో! పోల్చి చూద్దామని ముడి విప్పి మా స్వామిని అద్దం దగ్గర పట్టుకున్నాను.

కావలామె వచ్చి నా మణికట్టు పట్టుకునింది. పక్కింటి సాయిబుల దగ్గర నేర్చిన ఉర్దూలో, ఇది మా ఇంటి దేవుడని చెప్పినాను. నమ్మలేదు. ఆఫీసరును పిలిచింది. ఆయన స్వామిని తీసుకుని గుప్పిట మూసినాడు. తిరిగి ఇయ్యకుంటే ఇంట్లో ఖాళీ పీట ముందర నేను రోజూ దీపం ఎట్ల పెట్టేది?

"సంచిలో ఉండనీ మే అంటే విన్నావా," అని వదిన గొణిగింది.

కావలివాళ్ళు ఆ గదిలోని అద్దాల పెట్టెలన్నీ చూసి వచ్చినారు. ఒక్క తాళం కూడా చెదరలేదు. అయినా ఆయన ఇవ్వలేదు. వేరే గదిలోదేమో అన్నట్టు తిప్పి తిప్పి చూస్తాంటే, మెడ కింద పొద్దున పూసిన గంధం వేలికంటింది. వాసన చూసుకున్నాడు.

"ఇక్కడి దేవుళ్ళకు గంధం ఎవరూ పెట్టరమ్మా," అని హిందీలో మెల్లగా చెప్పి, రెండు చేతులతో నా దోసిట్లో పెట్టినాడు.

బయట గడ్డిమీద కూర్చున్నాక ఇంకో అనుమానం. ఆయన ఇచ్చింది మాదేనా? అన్నీ ఒకే మాదిరి ఉండాయే.

"ఆయప్పకు నీ కిష్ణుడెందుకు మే, గదినిండా ఉండారు గదా," అని వదిన రొట్టె తుంచింది.

నేను తడిమి చూసినాను. అత్తగారి కాలం నుంచి తోమి తోమి అరిగిపోయిన ఎడమ మోకాలు వేలికి తగిలింది. ఆ ఆఫీసరు చల్లగా ఉండాలని అప్పుడు మొక్కుకున్నాను.