నా ప్రయోగాలకు కూర్చున్న చిన్నమ్మ

మా పక్కింటి చిన్నమ్మ పోయింది. ఆదివారం మధ్యాహ్నం ఆమె పెద్దకొడుకు ఫోన్ చేసి, "అక్కా, అమ్మ ఎలిపోనాది" అన్నాడు. నేనిప్పుడుండే న్యూ టౌన్ నుంచి బస్సులు మారి, రేవు పక్కనున్న మా పాత వాడ గార్డెన్ రీచ్ చేరేసరికి గల్లీ నిండా జనం. శ్రీకాకుళం వైపు నుంచి బెంగాలు వచ్చి రేవులో పనిచేసిన మనవాళ్ళు, పక్క సందులోని బెంగాలీలు, మెటియాబ్రుజ్ దర్జీలు కూడా ఉన్నారు. ఆమె పలకరించని మనిషి లేడు కాబట్టి రాని మనిషీ లేడు.

ఆమె నాకు చుట్టం కాదు. పోర్టు క్వార్టర్లలో మా ఇంటికీ వాళ్ళింటికీ ఒకటే గోడ. అదెంత పలచనంటే, మేం పోపు వేస్తే వాళ్ళు తుమ్మేవాళ్ళు. తనని అడగనిదానికి కూడా జవాబు చెప్పడం చిన్నమ్మ అలవాటు. మా అమ్మ నాన్నని "ఉప్పు సరిపోనాదా?" అని అడిగితే, గోడ అవతలి నుంచి "ఇలా పట్రావే, నేను సూసి సెప్తాను" అని వినిపించేది. దారి అడిగినవాణ్ణి తెలియదని చెప్పి ఎన్నడూ పంపలేదు. ఏదో ఒక వైపు చెయ్యి చూపించేది. ఇదేమిటంటే, "అడిగినోడ్ని ఉత్తి సేతుల్తో పంపకూడదే. తప్పయితే మళ్ళీ వొచ్చి అడుగుతాడు" అనేది. ఆ చెయ్యి చూపిన వైపు పోయినవాళ్ళు ఎక్కడెక్కడ తేలారో నాకు తెలియదు.

నేను సైకాలజీలో ఎం.ఏ. చేరాను. మా డిపార్ట్‌మెంటులో ఒక పద్ధతి ఉండేది. ప్రాక్టికల్స్‌కి ఎవరికి వారు బయటి నుంచి ఒక మనిషిని తెచ్చుకుని, ఆ మనిషి మీద ప్రయోగం చేసి చూపించాలి. ఆ మనిషిని సబ్జెక్టు అంటారు. ప్రయోగంలో ఏం అడుగుతామో సబ్జెక్టుకి ముందుగా తెలియకూడదు. తోటివాళ్ళు అన్ననో వదిననో తెచ్చేవారు. మా అమ్మ మాత్రం "నాకేటి పిచ్చా, అక్కడికొచ్చి కూకోడానికి?" అని తేల్చేసింది. చిన్నమ్మ ఉతికిన చీర కట్టుకుని నాకంటే ముందు గుమ్మంలో నిలబడేది. ఒకసారి కళ్ళకు గంతలు కట్టి, చెక్క మీద చెక్కిన దారుల్లో వేలు నడిపి బయటపడమంటే, "ఓలమ్మా, ఇది మన వాడలాగే ఉందే, అన్నీ మూసీసిన సందులే!" అని మా లెక్చరర్లను కూడా నవ్వించింది. ఏ ప్రయోగం చేసినా చివర ఒకటే ప్రశ్న: "పాసయినానా?" సబ్జెక్టుకి పాసూ ఫెయిలూ ఉండవు చిన్నమ్మా అని నేను మొత్తుకునేదాన్ని. ఒక్కసారి కూడా నమ్మలేదు.

నా చదువు ముగిసిన ఏడాదే నాన్న రిటైరయ్యాడు. క్వార్టరు ఖాళీ చేసి ఊరికి వెళ్ళిపోవాలి. "ఉజ్జోగం దొరికితే ఉండు, లేపోతే మాతో వొచ్చీ" అన్నాడు నాన్న. ఊరికి వెళితే నా చదువుకు తగ్గ పని అక్కడ ఉండదు. అప్పుడే మా డిపార్ట్‌మెంటులో మొదటి ఏడాది పిల్లలకు ప్రాక్టికల్స్ చెప్పడానికి గంటల లెక్కన ఒక ట్యూటర్ కావాలన్నారు. పర్మనెంటు కాదు, సెలవుల్లో జీతం రాదు. అయినా నాకు అదే దిక్కు. దేనికైనా పార్టీ లోకల్ కమిటీ పెద్ద, అదే దాదా, మాట ఉండాలని ఆ రోజుల్లో మా వాడలో గట్టి నమ్మకం. "ఎవరి ద్వారా వెళ్తున్నావు?" అని అందరూ అడిగేవారే. నాకు ఏ దాదా తెలియదు. దరఖాస్తు ఒక్కటే ఇచ్చి వచ్చాను. ఇంటర్వ్యూకి సబ్జెక్టును తెచ్చుకుని ఒక ప్రయోగం చేసి చూపించమన్నారు. నేను అడగకముందే చిన్నమ్మ బయల్దేరింది. ఉద్యోగం వస్తే నేను తన ఇంట్లోనే ఉండాలని కూడా అప్పటికే తీర్మానించేసింది.

జ్ఞాపకశక్తి ప్రయోగం ఎంచుకున్నాను. అర్థం లేని అక్షర ముక్కల వరస ఒకటి చదివి వినిపించాలి. సబ్జెక్టు గుర్తున్నవి చెప్పాలి. మొదట రెండో మూడో వస్తాయి, మళ్ళీ మళ్ళీ చదివితే నెమ్మదిగా పెరుగుతాయి. ఆ పెరగడమే పిల్లలకు చూపించాలి. తడబడకూడదని వారం పాటు ఇంట్లో గట్టిగా చదివి సాధన చేశాను. గోడ సంగతి నాకు తట్టనే లేదు.

ఇంటర్వ్యూలో ముగ్గురు కూర్చున్నారు. హెడ్ మేడమ్ కళ్ళద్దాలు సర్దుకుని కానివ్వమంది. బెంగాలీలో సూచనలు చెప్పి, వరస చదివి, "ఇప్పుడు గుర్తున్నవి చెప్పండి" అన్నాను. చిన్నమ్మ లేచి నిలబడి చేతులు కట్టుకుంది. మొదటి నుంచి చివరిదాకా ఒక్కటీ పోకుండా గడగడా అప్పజెప్పింది. నేను ఊపిరి తీసుకున్న చోట తనూ తీసుకుంది. అక్కడితోనైనా ఆగిందా? "బాగుంది, ఇప్పుడు మళ్ళీ చదువుతాను, శ్రద్ధగా వినండి" అని నేను తర్వాత అనాల్సిన మాటలు కూడా తనే బెంగాలీలో చెప్పేసి, ముగ్గురి వైపూ చూసి తృప్తిగా నవ్వింది.

నా పని అయిపోయిందనుకున్నాను. "ఈమెకు ఇది ముందే తెలుసా?" అంది మేడమ్. చిన్నమ్మకు బెంగాలీ బాగా వచ్చు, నేనేం చెప్పినా అర్థమవుతుంది. ఆమె జ్ఞాపకశక్తే అంత అంటే ఇద్దరికీ పరువు దక్కేదేమో. కానీ నోటికి అబద్ధం రాలేదు. "తెలుసు. మా రెండిళ్ళకీ ఒకటే గోడ. నేను గట్టిగా చదివాను, ఆమెకు వినిపించింది. పొరపాటు నాది, ఆమెది కాదు. ఈ ఫలితం పనికిరాదు, కొత్త వరసతో మళ్ళీ చేస్తాను" అన్నాను.

అక్కడికక్కడే కొత్త ముక్కలు రాసుకుని చదివాను. చిన్నమ్మ బిత్తరపోయి, "ఓలమ్మో, ఇవి నువ్వు ఇంటికాడ సదవనేదు గదే!" అని తెలుగులో అరిచింది. ఏమంటోందని మేడమ్ అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను. ముగ్గురూ పగలబడి నవ్వారు. చిన్నమ్మ ముందు గుర్రుగా చూసి, తర్వాత తనూ నవ్వేసింది. ఆ పైన ప్రయోగం పుస్తకంలో ఉన్నట్టే సాగింది. "పిల్లలు కూడా ఇలాంటి అమ్మలనే తీసుకొస్తారు. వీళ్ళతో వేగగలిగితే చాలు" అంది మేడమ్.

తిరుగు బస్సులో చిన్నమ్మ నోరు విప్పలేదు. నేనెరిగి అది ఎన్నడూ జరగలేదు. మా స్టాపు దగ్గరపడుతుండగా, "నీ ఉజ్జోగం పాడు సేసీసినానేటే?" అంది. లేదన్నాను. "నేను తప్పు సెప్తే నిన్ను ఊరు పంపించేస్తారని బయమేసిందే. పనంతా ఒగ్గీసి గోడకి సెవి పెట్టి నేర్సుకున్నాను" అంది. నాకు ఏడుపు ఆగలేదు. నన్ను ఇక్కడ ఉంచడానికి అంత పాటుపడినవాళ్ళు మా ఇంట్లో కూడా ఎవరూ లేరు.

ఉద్యోగం వచ్చింది. అమ్మా నాన్నా ఊరెళ్ళారు, నేను చిన్నమ్మ ఇంటికి మారాను. గంటల పనితో మొదలై తర్వాత కాలేజీలో స్థిరపడ్డాను. "నేను అన్నీ కరెట్టుగా సెప్పబట్టి దీనికి ఉజ్జోగమిచ్చినారు" అని ఆమె వాడంతా చెప్పుకుంది. నేనెప్పుడూ కాదనలేదు.

చివరి రోజుల్లో ఆమెకు మరుపు వచ్చింది. పోయినేడాది కొడుకుతో కలిసి నేనే ఆసుపత్రికి తీసుకెళ్ళాను. బెంగాలీ కుర్ర డాక్టరు మూడు మాటలు చెప్పి, కాసేపాగి అవేమిటని అడిగాడు. ఎంత తడుముకున్నా ఆమెకు ఒక్కటీ దొరకలేదు. పోనీ ఈమె ఎవరో చెప్పండి అని నన్ను చూపించాడు. చిన్నమ్మ నా మొహం వైపు చాలాసేపు చూసింది. పేరు రాలేదు, వరస కూడా రాలేదు.

"దీనికి ఉజ్జోగమైపోనాది బాబూ" అని డాక్టరుకి తెలుగులోనే చెప్పింది. "ఇంక ఊరెలదు."

ఆ మాట అని, నా కొంగు పట్టుకుని తన కుర్చీ పక్కకు లాక్కుంది.