పది మైళ్ళ ముద్ర

మా తెలుగు సంఘం ప్రెసిడెంటు గారి దగ్గర ఒక రబ్బరు ముద్ర ఉండేది. హైదరాబాదు వెళ్ళినప్పుడు ప్రత్యేకంగా చేయించి, ఆవకాయ సీసాల మధ్య భద్రంగా చుట్టి తెచ్చుకున్నారు. గుండ్రంగా ఉంటుంది, మధ్యలో దీపం బొమ్మ. న్యూజెర్సీలో ఆ ముద్రతో ఎవరికీ పని లేదు. అమెరికాలో సంతకం పెడితే చాలు, బ్యాంకువాడు కూడా ముద్ర అడగడు. అందుకని, ముద్రకి పని కల్పించడం కోసమే సంఘం కార్యక్రమాలు పెడుతోందని నా అనుమానం. పిక్నిక్ టికెట్ల మీద వేశారు. దీపావళి నాటకం స్క్రిప్టు మీద వేశారు. ఒకసారి భోజనాల దగ్గర ఎవరు తిన్నారో ఎవరు తినలేదో తెలియడానికి పిల్లల చేతుల మీద వేశారు. ఆ ఇంకు మూడు రోజులు పోలేదని తల్లులు గొడవ చేశారు.

ఇది ఎనభైల మొదట్లో మాట. ప్లెయిన్స్‌బరో అపార్ట్‌మెంట్లలో ముగ్గురు బ్రహ్మచారులం రెండు గదుల్లో సర్దుకుని ఉండేవాళ్ళం. నాకు కొత్తగా ఉద్యోగం వచ్చింది. సంఘం మీద నాకున్న అభిమానమంతా పులిహోర మీద అభిమానమే, దాచుకోవాల్సిన పని లేదు.

ఆ ఏడాది ప్రెసిడెంటు గారు ఊళ్ళో చర్చి వాళ్ళు చేసిన నడక ఒకటి చూశారు. మనిషి పది మైళ్ళు నడుస్తాడు. ఆఫీసులో వాళ్ళూ, ఇరుగుపొరుగూ మైలుకింత ఇస్తామని ఒక కాగితం మీద రాసి సంతకం పెడతారు. ఎన్ని మైళ్ళు నడిస్తే అన్ని రెట్లు. వచ్చినదంతా ఏదో మంచి పనికి. మనం కూడా చేద్దాం, నల్గొండ జిల్లా బడుల్లో మంచినీళ్ళకి ఇద్దాం అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత ఒకాయన లేచి చాలామంది మనసులో ఉన్న సందేహం బయటపెట్టాడు.

"డబ్బులు ఎలాగూ ఇస్తున్నాం కదండీ. మళ్ళీ నడవడం ఎందుకు?"

"అదే కాన్సెప్టు," అన్నారు ప్రెసిడెంటు గారు. దాంతో ఆ సందేహం మరింత బలపడింది.

నల్గొండ ఎందుకంటే, మా కాంప్లెక్సులోనే ఉండే ఒక అక్కయ్య అడిగింది గనక. నలభై ఏళ్ళు దాటిన మనిషి. ఒక మందుల కంపెనీ ల్యాబులో పని. వాళ్ళ వైపు భూమిలో నీళ్ళలోనే ఫ్లోరైడ్ ఉంటుంది, చిన్నప్పటినించీ తాగితే పళ్ళు గార కడతాయి, ముదిరితే ఎముకలు వంగిపోతాయి. పటిక, సున్నం కలిపి ఆ నీళ్ళని తేర్చే తొట్టి ఒకటి ఆవిడ చదువుకున్న బడిలో కట్టించాలి. ల్యాబులో తొమ్మిదిమంది చేత మైలుకింతని రాయించుకుంది. పది మైళ్ళూ నడిస్తే తొట్టి అవుతుంది. తొమ్మిది నడిస్తే అవదు. ఆ లెక్క ఆవిడకి కంఠతా వచ్చు. ఆవిడ సూపర్‌వైజరు కాగితం మీద సంతకం పెడుతూ, చీర కట్టుకుని పది మైళ్ళు నువ్వు నడవలేవు అన్నాడట. నెల రోజులపాటు ఆవిడ సాయంత్రాలు కాంప్లెక్సు చుట్టూ చీర మీద తెల్ల కాన్వాసు బూట్లు వేసుకుని తిరిగింది. చుట్టు సరిగ్గా ఒక మైలు. కారులో మీటరు చూసి కొలిచింది. నేను బాల్కనీలోంచి చూసి, "అక్కా, పోలీసువాళ్ళు వెతుకుతున్నారా?" అనేవాణ్ణి. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేది. ఆవిడ నవ్వినప్పుడల్లా చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. నవ్వుకి కూడా పర్మిషన్ కావాలేమో అని దాని మీద కూడా నేనో జోకు వేసి ఉన్నాను.

నడక రోజు రానే వచ్చింది. పార్కులో తొమ్మిదింటికి మొదలు, పన్నెండింటి దాకా పర్మిట్. చుట్టూ ఒక మైలు బాట, పది చుట్లు. తొమ్మిదింటికి వచ్చింది ఇద్దరు. అక్కయ్యా, పార్కు మనిషీ. నేను తొమ్మిదిన్నరకి వచ్చాను, దాన్ని మా సంఘంలో తెల్లవారుజామున రావడం అంటారు. పదింటికి ప్రెసిడెంటు గారు మడత బల్ల వేసి, ఇంకు పెట్టె తెరిచి, అందరి కాగితాలూ దగ్గర పెట్టుకున్నారు. 'నడిచిన మైళ్ళు' అన్నచోట పది అని రాస్తున్నారు, ముద్ర వేస్తున్నారు. రాయడం, వేయడం. చెయ్యి మంచి లయలో పడింది.

అక్కయ్య వంగి చూసింది.

"ఇంకా నడవలేదు గదండీ."

"నడుస్తారు కదమ్మా! తర్వాత అందరూ ఒక్కసారే వచ్చి మీద పడితే లేటైపోతుంది. అడ్వాన్సుగా అటెస్ట్ చేసేస్తున్నా."

ఇండియాలో ఏ ఆఫీసరు బల్ల దగ్గరా 'ఒరిజినల్ చూశాను' అన్న మాట కింద సంతకం పెట్టినవాడు ఒరిజినల్ చూసిన పాపాన పోలేదు. ఆ చదువే ఆయనతో విమానం ఎక్కి వచ్చింది. అక్కయ్య ఆ దొంతరలోంచి తన కాగితం వెతికి తీసి, నాలుగు మడతలు పెట్టి బ్యాగులో వేసుకుంది. మా బాసు మైలుకింతని రాసిచ్చిన నా కాగితం మీద కూడా ముద్ర పడింది. ఉచితంగా పది మైళ్ళు వస్తుంటే కాదనడానికి నేనెవర్ని?

తర్వాత ప్రార్థన గీతం. తర్వాత జ్యోతి ప్రజ్వలన. బయట గాలి. అయిదు వత్తులున్న కుందిలో ఒకటి వెలిగిస్తే ఇంకోటి ఆరిపోతుంది. చివరికి నలుగురు పెద్దమనుషులు కుంది చుట్టూ కోట్లు పట్టుకుని నిలబడితే, ముఖ్య అతిథి గారు వాళ్ళ మధ్యలోకి దూరి వెలిగించారు. ఆయన పెద్ద డాక్టరు. నీటి ప్రాముఖ్యం మీద నలభై నిమిషాలు మాట్లాడారు. మధ్యలో రెండు సార్లు గొంతు ఎండిపోయి నీళ్ళు అడిగారు. కోకు తప్ప ఏమీ లేవన్నారు. ఆయన కోకు తాగుతూ నీటి ప్రాముఖ్యం పూర్తి చేశారు.

నడక పదకొండున్నరకి మొదలైంది. నన్ను వంటల దగ్గర కాపలా పెట్టారు గనక మొదటి చుట్టు నేను నడవలేదు. ఆ చుట్టు ముగిసేసరికి పన్నెండైంది. పార్కు మనిషి వచ్చి గడియారం చూపించాడు. ఇంకో పార్టీ వస్తోందన్నాడు. ప్రెసిడెంటు గారు అతనితో చాలాసేపు మాట్లాడి, ఓడిపోయి, మైకు అందుకున్నారు.

"మిత్రులారా, మన నడక దిగ్విజయంగా పూర్తయింది. ఇది సింబాలిక్ వాక్. ఒక్కో అడుగూ పది అడుగులతో సమానం. ఇప్పుడు అందరూ అపార్ట్‌మెంట్ల క్లబ్ హౌసులో భోజనాలకి రావాలి."

క్లబ్ హౌసు అక్కడికి అర మైలు. అందరూ కార్లెక్కి వెళ్ళారు.

అక్కయ్య కారెక్కలేదు. నడుచుకుంటూ వచ్చింది. ఆ అర మైలూ లెక్కలోకి రాదని తనే చెప్పి, క్లబ్ హౌసు గుమ్మం దగ్గర బూటు లేసు బిగించుకుని, రెండో చుట్టు మొదలుపెట్టింది.

నేను ఆవిడతో వెళ్ళింది మంచితనంతో కాదు. లోపల డాక్టరుగారికి శాలువా కప్పబోతున్నారు, ఆయన మళ్ళీ మాట్లాడబోతున్నారు, ఆ తర్వాత వందన సమర్పణ. అంతకంటే ఒక మైలు నడవడం తేలిక అనిపించింది. ఒక్క మైలే అనుకున్నాను. నా కాళ్ళకి ఉన్నవి తోలు చెప్పులు.

"ఎందుకక్కా ఈ అవస్థ? అందరి కాగితాల మీదా పది ఉంది. నీది కూడా వేయించుకుంటే ఇప్పుడు గారెలు తింటూ ఉండేవాళ్ళం."

"నువ్వు బోయి తిను. ఎవలు వద్దన్నరు?"

"నీకు కంపెనీ ఇద్దామని."

"స్పీచు తప్పిచ్చుకుందామని జెప్పు తమ్మీ. నాకు తెల్వదా?"

ఏం చేస్తాను? నడిచాను. కాంప్లెక్సు బాట మొత్తం క్లబ్ హౌసుని చుట్టుకుని పోతుంది. హాలుకి ఒకవైపంతా అద్దాలు. మేము ప్రతి చుట్టూ ఆ అద్దాల ముందు నించే పోవాలి. లోపల అందరూ కాగితం పళ్ళేలతో నిలబడి ఉన్నారు. మమ్మల్ని చూసి ప్రెసిడెంటు గారు గారె పట్టుకున్న చెయ్యి ఊపారు. మేమూ ఊపాం. మూడో మైలుకి మళ్ళీ ఊపారు. నాలుగో మైలుకి లోపల పెరుగన్నం నడుస్తోంది. జూలో జంతువులం మేమో వాళ్ళో నాకు తేలలేదు.

అయిదో మైలు దగ్గర ఆవిడ భర్త పళ్ళెంతో బయటికి వచ్చాడు. తక్కువ మాట్లాడే మనిషి.

"తిని నడువరాదు?"

"తింటె కూసుంటా. కూసుంటె లేవ."

ఆయన రెండు గ్లాసుల నీళ్ళు మాత్రం ఇచ్చి, పళ్ళెం పట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు. ఆ రోజు మొత్తంలో ఆ కార్యక్రమంలో నాకు కనబడిన మంచినీళ్ళు అవే.

ఆరో మైలుకి నా ఎడమ మడమ మీద బొబ్బ లేచింది. నేను రాజకీయం మొదలుపెట్టాను.

"అక్కా, ఇక్కడ ఆగుదాం. నేను సాక్షి సంతకం పెట్టేస్తాను, పది అని. మీ ల్యాబు వాళ్ళు న్యూజెర్సీ అంతా టేపు పెట్టి కొలుస్తారా?"

ఆవిడ ఆగలేదు. నడుస్తూనే చెప్పింది.

"మా బడికి మంచినీళ్ళ ట్యాంకు ఉన్నది, తెలుసా?"

"ఉందా? మరి ఈ గోలంతా దేనికి?"

"కాగితం మీద ఉన్నది. నేను ఆరో తరగతిల ఉన్నప్పుడే కట్టిండ్రు. కట్టినట్టు సంతకం ఉన్నది, ముద్ర గూడ ఉన్నది. మా నాయిన పోయి అడిగిండు. ముద్ర జూపిచ్చి పంపిండ్రు. మా తమ్ముడు గా నీళ్ళే తాగిండు. ముప్పై ఏండ్లకు కట్టె లేకుండ నడుస్తలేడు." ఈసారి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నా వైపు తిరిగి పళ్ళు చూపించింది. అంచుల దగ్గర గోధుమరంగు చారలు. "నాకు గివ్వే. నేను అదృష్టవంతురాల్ని."

ఆ చెయ్యి గురించి నేను వేసిన జోకు గుర్తొచ్చింది. అర మైలు దాకా నోరు తెరవలేదు. నా స్నేహితులెవరైనా అక్కడ ఉంటే డాక్టర్ని పిలిచేవాళ్ళు, డాక్టరు కూడా దగ్గర్లోనే ఉన్నాడు. అర మైలు తర్వాత ఆవిడే అడిగింది.

"ఏంది, సప్పుడు జేస్తలేవు?"

"బొబ్బ."

"ఇంకో మూడున్నర మైళ్ళున్నయి. బొబ్బకి గూడ జెప్పు."

ఎనిమిదో మైలుకి చెప్పులు చేతిలో పట్టుకున్నాను. తొమ్మిదో మైలుకి ఆవిడ కుంటడం మొదలుపెట్టింది. పరుగెత్తి పోయే తెల్లవాడొకడు మమ్మల్ని రెండోసారి దాటుతూ, బాగానే ఉన్నారా అని అడిగాడు. చివరి పావు మైలు ఆవిడ ఒక చేత్తో కుచ్చిళ్ళు పైకి పట్టుకుని, పెదాలు బిగించి నడిచింది. నేను వేలు కూడా అందించలేదు. అందిస్తే కొట్టేదేమో అనిపించింది.

హాలులోకి వెళ్ళేసరికి కుర్చీలు మడుస్తున్నారు. 'ఉత్తమ పాదచారి' కప్పు డాక్టరుగారికి ఇచ్చేశారట, ఆయన అది తీసుకుని కారులో వెళ్ళిపోయారట. అక్కయ్య బ్యాగులోంచి కాగితం తీసింది. మడతలు విప్పి, పది అని రాసింది. సాక్షి అన్నచోట నేను సంతకం పెట్టబోతుంటే ఆపి, మొదటి చుట్టు నువ్వు లేవు అంది. పార్కులో తన పక్కన నడిచిన ఒక పంజాబీ ఆవిడ చేత ఆ ఒక్క మైలుకీ సంతకం అప్పుడే పెట్టించుకుందట. మిగతా తొమ్మిదికి నేను పెట్టాను. ఆ కాగితం ప్రెసిడెంటు గారి బల్ల మీద పెట్టింది.

"ముద్ర లేదేమిటమ్మా?"

"మీరు ఎయ్యుండ్రి."

ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి చూశారు. చాలా ఇబ్బందిగా మొహం పెట్టారు.

"పొద్దున్న అందరితోపాటు వేయించుకుంటే పోయేది. ఇప్పుడెలా? మీరు నడిచినప్పుడు కమిటీ వాళ్ళెవరూ అక్కడ లేరు. చూడకుండా ముద్ర వెయ్యడం పద్ధతి కాదు కదా."

"మీరు అద్దంలోంచి చెయ్యి ఊపారండీ," అన్నాను. "తొమ్మిది సార్లు."

"అది వేరు, ఇది వేరు."

ఆయన అబద్ధం ఆడటం లేదు. నిజంగానే ఆయనకి అవి రెండూ వేరు. అక్కయ్య ఆయన్ని ఒక క్షణం చూసి, కాగితం వెనక్కి తీసుకుంది.

"పర్వాలేదు లెండి. మా ల్యాబుల ముద్ర అడిగెటోళ్ళు లేరు."

భర్త కారు గుమ్మం దగ్గరికి తెచ్చాడు. ఇంటికి వంద గజాలు ఉంటుంది. ఈసారి ఆవిడ కారెక్కింది.

సోమవారం మధ్యాహ్నం ఆఫీసులో నాకు ఫోనొచ్చింది.

"ఇచ్చిండ్రు తమ్మీ. తొమ్మిది మంది ఇచ్చిండ్రు. మా సూపర్‌వైజరు కాగితం సూడనే లేదు. ఎన్ని అన్నడు, పది అన్న. బూట్లు పడ్తలేవని చెప్పులేసుకొని పోయిన గదా, నా కాళ్ళు జూసిండు. చెక్కు రాసిండు. సక్కగ బడి పేరు మీదనే రాయించిన. సంఘం పేరు మీద వద్దన్న."

"తొట్టి అవుతుందా అయితే?"

"అయితది." ముక్కు చీదిన చప్పుడు. "సరే గనీ, నీ ఆఫీసుల నువ్వెన్ని జెప్పినవ్?"

నా కాగితం బల్ల మీదే ఉంది. పది, దాని మీద గుండ్రంగా దీపం బొమ్మ. పొద్దుటినించీ దాన్ని పట్టుకుని ఎవరి దగ్గరికీ వెళ్ళలేదు.

"తొమ్మిది," అన్నాను.

"మంచిది," అని పెట్టేసింది.

కలం తీసి పది కొట్టేశాను. ఆ ఇంకు మీద కలం సరిగ్గా సాగలేదు, రెండుసార్లు గీయాల్సి వచ్చింది. పక్కన తొమ్మిది రాసి, చెప్పులీడ్చుకుంటూ మా బాసు గదిలోకి వెళ్ళాను.