తువ్వాలు కింద చెయ్యి

బొమ్మల మేడమ్ పోయారని కబురొచ్చేసరికి నేను మిర్చి కల్లంలో కూర్చుని తాలు కాయలు ఏరుతున్నాను. గుంటూరు ఆసుపత్రిలో ఆవిడతో పనిచేసే నర్సమ్మ ఫోన్ చేసింది. తెల్లవారుజామున గుండెపోటట. ఇంట్లోవాళ్ళు కారు తీసేలోపే అయిపోయిందట. నేను అయ్యో అని కూడా అనలేదు. తలెత్తి మా ఆయన ఎక్కడున్నాడా అని చూశాను. కల్లం ఆ చివర కాయ తిరగేస్తున్నాడు. ఆ తర్వాత నా చెయ్యి దానంతటదే బొడ్లోకి పోయింది. పురుగుమందుల బీరువా తాళంచెవి అక్కడే ఉంది.

మనిషి పోయారని తెలిసిన క్షణంలో తాళంచెవి తడుముకోవడమేంటని మీరనుకోవచ్చు. ఆ మనిషే చెప్పారు దాన్ని అక్కడ పెట్టుకోమని. అదే మీకు చెప్పాలని ఇది రాస్తున్నాను.

కొన్నేళ్ళ కిందట కోతల రోజుల్లో మా చేలోకి కూలీల్ని తీసుకొస్తున్న ఆటోని లారీ గుద్దింది. ఇద్దరు ఆడవాళ్ళు పోయారు. ఇద్దరూ మా ఊరివాళ్ళే, మా ఆయన్ని అన్నా అని పిలిచేవాళ్ళే. ఎండెక్కకముందే రావాలని ఆటో అతన్ని ఫోన్లో తొందరపెట్టింది మా ఆయన. తప్పు లారీదేనని పోలీసులు తేల్చారు. ఈయన మనసులో మాత్రం అది తేలలేదు. మాట్లాడటం మానేశాడు. పెడితే తిన్నాడు, లేకపోతే లేదు. మనుషుల మధ్య కూర్చుని ఎటో చూస్తుండేవాడు. ఆ చూపంటే నాకు భయం.

గుంటూరులో మానసిక వైద్యుడు మందులు రాశాడు. కారిడార్ చివరి గదికి కూడా వారం వారం వెళ్ళమన్నాడు. ఆ గదిలో ఈవిడ ఉండేవారు. బల్ల నిండా రంగులు, ఓ మూల బంకమట్టి, గోడవారన డప్పులు. నాకు ఒళ్ళు మండింది. జుట్టు నెరిసిన మనిషి చేత బొమ్మలు వేయిస్తారా, ఇదేమన్నా ఎల్కేజీనా అని మొహం మీదే అడిగేశాను.

ఆవిడ నవ్వలేదు, కోప్పడలేదు. "నేను డ్రాయింగ్ నేర్పనండీ. నోటితో చెప్పలేనిది చేత్తో చెప్పించడం నా పని. దానికోసం చదువుకున్నాను. మందు మందే, మట్టి మట్టే. ఆయనకి రెండూ కావాలి," అన్నారు. మా ఆయన్ని అన్నయ్యగారూ అని పిలిచారు. అప్పట్నుంచీ నేను వదినగారినయ్యాను.

ఆ గది తలుపు ఎప్పుడూ పూర్తిగా మూసేవారు కాదు. తన చెప్పొకటి సందులో అడ్డం పెట్టేవారు, లోపల కూర్చున్నవాళ్ళకి లేచి పోవచ్చన్న ధైర్యం ఉండాలని. గోళ్ళలో మట్టి ఎప్పుడూ ఉండేది. మిర్చి ఘాటు పడేది కాదు, మా బట్టల వాసనకే వరసపెట్టి తుమ్మేవారు. "వచ్చారా, నా ముక్కు ముందే చెప్పింది," అనేవారు. చీరాల నుంచి నేతపని వాళ్ళమ్మాయి ఒకతి వచ్చేది. గంటసేపు దారాలు చిక్కుతీసి వెళ్ళిపోయేది. ఆమె వెళ్ళేటప్పుడు ఈవిడ గుమ్మం దాకా వచ్చి సాగనంపేవారు.

మా ఆయన మొదట్లో ఏమీ ముట్టుకోలేదు. ఎన్నో వారాలకి బొగ్గుతో ఒక గీత, దాని పక్కన ఇంకో గీత గీశాడు. మా మరిది ఆసుపత్రికి చూడటానికి వచ్చి, బల్లమీదున్న ఆ కాగితాన్ని ఫోటో తీసి చుట్టాల గ్రూపులో పెట్టాడు. అన్నకి నయమవుతోందని వాడి సంబరం. మా మిర్చి వాళ్ళందరికీ ఓ జబ్బుంది. ఎవరి టిక్కీ, అదే మిర్చి బస్తా, కనబడినా చెయ్యి పెట్టి మచ్చుకి నాలుగు కాయలు తీసి చూస్తాం. అడగం. కాగితాన్నీ అలాగే చూశాడు. "రోడ్డులా ఉందే" అని ఎవరో గ్రూపులో రాశారు. మా ఆయన అది చూశాడు. మర్నాటి నుంచి మళ్ళీ మొదటికొచ్చాడు.

మేడమ్‌కి కోపం రావడం అప్పుడే చూశాను. మా మరిదిని నిలబెట్టి, "ఎదటివాడి గాయం మీద గుడ్డ తీసి నలుగురికీ చూపిస్తావా బాబూ?" అన్నారు. మళ్ళీ నాతో, "ఏం గీశారని అడక్కండి వదినగారూ. చెయ్యి నొప్పెట్టిందా అని అడగండి, చాలు," అన్నారు. ఇంకోటి కూడా అడిగారు. "ఇదంతా జరక్కముందు ఆయన చేతులు ఏం చేసేవి?"

"ఏం చేస్తాయండీ, సేద్యం చేసేవి. కుర్రతనంలో మా నాన్న దగ్గర మిర్చి బేరాలు కుదిర్చేవాడు," అన్నాను. ఆ పాత పద్ధతి చెప్పాను. కొనేవాడూ అమ్మేవాడూ చేతులు కలిపి పైన తువ్వాలు కప్పుకుంటారు. లోపల వేళ్ళు పట్టుకుని రేటు చెప్పుకుంటారు. చుట్టూ ఎంతమంది ఉన్నా ఎవరికీ తెలియదు. ఇప్పుడంతా కంప్యూటర్లో గానీ, అప్పట్లో మా ఆయన చెయ్యంటే మిర్చి యార్డులో పేరు.

మరుసటి వారానికి ఆవిడ కొత్త తువ్వాలు కొనుక్కొచ్చారు. "అన్నయ్యగారూ, నాకు నేర్పండి," అని చెయ్యి చాపారు. ఆయన చాలాసేపు ఆ చెయ్యి వంక చూశాడు. తర్వాత తువ్వాలు కప్పాడు. ఆవిడ ఒక వేలు బదులు ఇంకో వేలు పట్టుకున్నారు. ఈయన తల అడ్డంగా ఊపి, వేలు సరిచేశాడు. ఇన్ని నెలల్లో ఒకళ్ళతో ఏదైనా చెప్పడం అదే మొదలు.

ఆ తర్వాత ఆవిడ బేరం మార్చారు. రేటు కాదు, గుండెలో బరువు చెప్పాలి. ఒక వేలు పట్టుకుంటే మోయగలనని. ఐదూ పట్టుకుంటే నావల్ల కాదు, నన్ను వదలొద్దని. వారం వారం రెండూ మూడూ మధ్య నడిచిందట. నేను బయట బెంచీ మీద కూర్చుని తలుపు సందులోంచి ఆ తువ్వాలే చూసేదాన్ని.

ఒకరోజు ఎంతసేపటికీ తువ్వాలు తియ్యలేదు. చివరికి ఆవిడ నర్సమ్మని పిలిచి ఆయన పక్కన కూర్చోబెట్టి, నా దగ్గరికొచ్చారు. మొహం పాలిపోయి ఉంది గానీ మాట తొణకలేదు.

"అన్నయ్యగారు ఇవ్వాళ ఇంటికి రారు వదినగారూ, ఇక్కడే ఉంటారు. ఐదు వేళ్ళూ పట్టుకున్నారు. చచ్చిపోవాలనిపిస్తోందా అని నేనే అడిగాను. తలూపారు."

"అట్లా ఎవరైనా అడుగుతారా? లేని ఆలోచన పుట్టించినట్టు కాదూ?" అని అరిచాను.

"అడిగితే పుట్టదండీ. లోపలున్నది బయటికొస్తుంది. ఆయన బొమ్మలు నేనెవరికీ చూపించను. ఇది మాత్రం డాక్టరుగారికీ మీకూ చెప్తానని ఆయనతో చెప్పే వచ్చాను. మీరు ఇంటికెళ్ళి పురుగుమందులన్నీ బీరువాలో పెట్టి తాళం వెయ్యండి. తాళంచెవి మీ ఒంటిమీదే ఉండాలి."

అప్పటికప్పుడు బస్సెక్కి ఊరికొచ్చాను. ఇంట్లో మందు డబ్బాలు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికినకొద్దీ దొరికాయి. పశువుల పాకలో ఒకటి, మంచం కింద ఒకటి. మంచం కింద పెట్టింది నేను కాదు. ఆవిడ ఆ ప్రశ్న అడక్కపోయుంటే ఏమయ్యేదో ఇప్పటికీ పూర్తిగా ఆలోచించలేను.

ఆయన్ని ఇంటికి పంపేరోజు మేడమ్ తువ్వాలు నా వైపు చాపారు. "మీదెంత వదినగారూ?"

"నాకేమండీ, గుండ్రాయిలా ఉన్నాను," అని చెయ్యి వెనక్కి పెట్టుకున్నాను.

"సరే. ఈ బేరానికి తొందరేం లేదు," అన్నారు.

తర్వాత చాన్నాళ్ళు పట్టింది. కాయ కోసే ఆడవాళ్ళు నడుముకి కట్టుకునే ఒడి ఉంటుంది చూడండి, ఈయన మట్టితో అవి రెండు చేశాడు. అచ్చంగా ఉన్నాయి. చేసి, ఒళ్ళో పెట్టుకుని ఏడ్చి, మళ్ళీ ముద్ద చేసేశాడు. నేనైతే చెయ్యి పట్టుకుని ఆపేదాన్ని. ఆవిడ ఆపలేదు. "దాచుకోవాలో కలిపేయాలో ఆయనిష్టం. బొమ్మ బాగుండక్కర్లేదు వదినగారూ, మనిషి ఇంటికెళ్తే చాలు," అన్నారు. ఆ రోజు బస్సులో మా ఆయన, "దాహంగా ఉంది," అన్నాడు. నీళ్ళ సీసా ఇచ్చి, కిటికీ వైపు తిరిగి ఏడ్చాను.

అందుకే ఆవిడ పోయారని కబురొచ్చిన పొద్దున నాకు అంత భయం. ఈయన ఇప్పుడు మాట్లాడుతున్నాడు, సేద్యం చేస్తున్నాడు, మందులు తగ్గాయి. కానీ పట్టుకున్న చెయ్యే పోయిందంటే ఏమవుతాడు? కబురు కడుపులో పెట్టుకుని ఆయన ఎటు పోతే అటు పోయాను. పాకలోకి వెళ్తే గడ్డి కోసమన్నట్టు వెనకే వెళ్ళాను. బోరు దగ్గరికి వెళ్తే బిందె పట్టుకుని వెళ్ళాను. అన్నం దగ్గర ఆయన మొహమే చూస్తూ వడ్డిస్తే పులుసు ఒలికిపోయింది. ఆయనే గుడ్డ తెచ్చి తుడిచాడు.

ఎండ తగ్గాక కల్లం గట్టు మీద కూర్చుని, "ఇట్రా," అన్నాడు. వెళ్ళి కూర్చున్నాను.

"మేడమ్ పోయిందిగా," అన్నాడు.

నా చెయ్యి మళ్ళీ బొడ్లో తాళంచెవి మీదికి పోయింది.

"నర్సమ్మ ముందు నాకే చేసింది. నీకెట్లా చెప్పాలా అని పొద్దున్నుంచీ చూస్తన్నా. ఆవిడంటే నీకు ప్రాణంగదా. పాకలోకెళ్తే పాకలోకొస్తివి, బోరు కాడికెళ్తే బోరు కాడికొస్తివి. నీకూ తెలిసిందనుకున్నా."

భుజం మీది తువ్వాలు తీసి నా చేతి మీద కప్పాడు. లోపల నావి మూడు వేళ్ళు పట్టుకున్నాడు. గట్టిగా, కానీ మూడే. నేను మళ్ళీ మళ్ళీ తడిమి చూసుకున్నాను. మూడే.

"ఇయ్యాల రాత్రి నా పక్కనే ఉండు," అన్నాడు. తర్వాత వేళ్ళు వదిలేసి, అరచెయ్యి తెరిచి ఉంచాడు. "ఇంక నీది చెప్పు."

నాకేం, గుండ్రాయిలా ఉన్నాను అనబోయాను. రాలేదు. గాలికి తువ్వాలు లేచిపోబోతుంటే ఆయన రెండో చేత్తో అదిమి పట్టుకున్నాడు. కల్లం నిండా కాయ ఎర్రగా ఆరుతోంది. తువ్వాలు కింద ఆయన వేళ్ళు ఐదూ పట్టుకున్నాను.