గొలుసు వదులు చెయ్యమన్న మనిషి

మా తమ్ముడు మస్కట్‌కు పనికి పోతూ తన కుక్కను నా దగ్గర వదిలి వెళ్లాడు. అప్పటికి దానికి రెండేళ్లు. నేను జమ్మికుంటలో టీచర్ని. అవ్వా నేనూ ఉండే ఇంటికి కాస్త వాకిలి ఉంది కాబట్టి ఇబ్బంది ఉండదనుకున్నాం.

ఇంట్లో అది ఎంత నెమ్మదిగా ఉండేదో! అవ్వ బియ్యం చెరుగుతుంటే చాట పక్కనే పడుకునేది. పక్కింటి పిల్లి వచ్చి దాని గిన్నెలోంచే తిన్నా ఊరుకునేది. అదే కుక్క మెడకు గొలుసు తగిలించి రోడ్డెక్కితే మారిపోయేది. ఎక్కడో దూరాన ఇంకో కుక్క కనబడితే చాలు, వెనక కాళ్ల మీద లేచి, మెడపట్టీ బిగుసుకుని దగ్గు వచ్చేదాకా మొరిగేది. నేను సిగ్గుతో గొలుసు చేతికి రెండు చుట్లు చుట్టుకుని వెనక్కి లాగేదాన్ని. నేను లాగిన కొద్దీ అది ఇంకా రెచ్చిపోయేది.

ఒకరోజు పొద్దున్నే అట్లా లాగిన లాగుడుకు పాలాయన బండికి అడ్డం పడ్డాను. పాలు రోడ్డు పాలయ్యాయి, నా మణికట్టు ఎముక చిట్లింది. ఇంటికి వచ్చి, బాగున్న చేత్తో గొలుసు మడిచి దాన్ని రెండు దెబ్బలు కొట్టాను. అది అరవలేదు. మంచం కిందికి పోయి సాయంత్రందాకా బయటికి రాలేదు. అంతకుముందు నేను ఏ జంతువునూ కొట్టి ఎరగను.

చేయి నయమయ్యాక అవ్వ ఒక మాట అంది. "చెన్నూరు దిక్కు మీ మేనమామ పొలం కాడ ఇడిసిపెడుదాం బిడ్డా. ఆడ గొలుసు గిలుసు ఉండది, దాని బతుకు అది బతుకుతది." అవ్వకు దాని మీద కోపం లేదు, నా మీద బెంగ. నేనూ సరేనన్నాను. తమ్ముడికి ఫోన్ చేసి ఆ సంగతి చెప్పాను. వాడు, అది చిన్నగా ఉన్నప్పుడు ఒకసారి కిరాణా షాపు ముందు కట్టేసి లోపలికి వెళ్తే రెండు వీధికుక్కలు మీదపడ్డాయని చెప్పాడు. కట్టేసి ఉంది కాబట్టి తప్పించుకోలేకపోయిందట.

చెన్నూరు పోవడానికి ముందు ఆదివారం దాన్ని పత్తి మార్కెట్ యార్డు వైపు తీసుకెళ్లాను. ఆ రోజు కొనుగోళ్లుండవు, ఎవరికీ అడ్డం పడమని. గేటు దగ్గర వాచ్‌మన్ ఉన్నాడు, అందరూ కాకా అని పిలిచే పెద్దాయన. ఆయన కాళ్ల దగ్గర ఒక ముసలి ఆడకుక్క. ఇంకేముంది, మాది లేచింది. ఆయన కేకలు వెయ్యలేదు. తన కుక్కను పిలుచుకుని షెడ్డు చాటుకు వెళ్లిపోయాడు. అది కనబడకపోయేసరికి మాది కొంచెంసేపటికి ఊరుకుంది. అప్పుడు ఆయనొక్కడే తిరిగి వచ్చాడు. ఆదిలాబాద్ వైపు మనిషి, ఆడవాళ్లను బాయి అని పిలిచేవాడు.

"జర గొలుసు వదులు చెయ్యి బాయి. నీ చెయ్యి బిగిస్తే దానికి ఎరుకైతది, ఏదో ఆపదొస్తున్నదని."

ఇది కోపిష్టి కుక్క, వదిలేసి రావడానికి తీసుకెళ్తున్నానని చెప్పాను.

"కోపం గాదు, భయం. మెడల గొలుసుంటే ఉరికి పోరాదు గద. పోరానిది మీదికే వస్తది."

ఆయన వయసులో ఉన్నప్పుడు పత్తి బండ్లు తోలాడట. లారీకి బెదిరే ఎడ్లను మొదట రోడ్డుకు దూరంగా కట్టేసి మేత వేసి, రోజుకింత దగ్గరికి జరిపేవాడట. ఆదివారం ఆదివారం రమ్మన్నాడు. చెన్నూరు ప్రయాణం ఆగింది.

ఆయన తన ముసలిదాన్ని తీసుకుని యార్డు ఆ చివర తూకం కాంటా దగ్గర అటూ ఇటూ నడిచేవాడు. నేను ఈ చివర షెడ్డు దగ్గర నిలబడేదాన్ని. మాది దాన్ని చూడగానే, మొరగకముందే, ఉడికించిన గుడ్డు ముక్క నోటికి అందించాలి. మొరిగిందంటే మేం మరీ దగ్గరికి వచ్చినట్టు, తిట్టకుండా వెనక్కి పోవాలి. అంతే పని. ఒక్కో వారం నాలుగడుగులు దగ్గరయ్యేవాళ్లం. ఒకసారి లారీ చాటునుంచి వీధికుక్క ఎదురుపడి నెల రోజుల కష్టం పోయినట్టయింది. నేను ఏడుపు మొహం పెడితే, ఇవాళ్టికి చాలు, ఇంటికి పొమ్మన్నాడు, అంతే.

ఆయన మోకాళ్లు పట్టుకోవడం చూసి ఒకరోజు స్టూలు తెచ్చాను. కూర్చోలేదు. తను కూర్చుంటే ముసలిది పడుకుంటుంది, పడుకున్న కుక్కను చూసి మాది ఏం నేర్చుకుంటుంది అన్నాడు. ఆ రోజే దాన్ని కొట్టిన సంగతి ఆయనకు చెప్పాను. అవ్వకు కూడా చెప్పలేదు అప్పటికి. ఆయన, "దానికి గా దెబ్బలు యాదుంటయి బాయి. నువ్వు గుడ్డు పెడుతున్నది గూడ యాదుంటది" అన్నాడు.

ఆరు నెలలు గడిచాక ఒక ఉదయం మా గల్లీ మలుపులో ఒక తెల్లకుక్క ఎదురొచ్చింది. అలవాటు కొద్దీ గొలుసు చేతికి చుట్టుకోబోయి ఆగాను, చెయ్యి వదులుగానే ఉంచాను. మాది దాన్ని చూసింది. చెవులు నిక్కబొడుచుకున్నాయి. తర్వాత మెడ తిప్పి నా మొహంలోకి చూసింది, ఏదీ నా ముక్క అన్నట్టు. గుడ్డు ముక్క తీసి పెట్టి, అక్కడే కూలబడి దాని మెడ చుట్టూ చేతులు వేశాను. పాలాయన బండి ఆపి, ఏమైందని కంగారుగా అడిగాడు. ఏం కాలేదన్నాను. నిజంగానే ఏమీ కాలేదు. నాకు కావలసింది అదే.

కాక ఇప్పుడు ఉద్యోగం మానేసి ఆదిలాబాద్‌లో కూతురి దగ్గర ఉంటున్నాడు. ముసలి కుక్కనూ వెంట తీసుకుపోయాడు. మొన్న ఫోన్ చేసి, మీరు లేకపోతే ఇది మా ఇంట్లో ఉండేది కాదు కాకా అన్నాను. "నేనేం జేసిన బాయి, దూరంగ నిలవడ్డ" అన్నాడు. వేరేవాళ్ల కుక్క కోసం అన్ని ఆదివారాలు నొప్పి మోకాళ్లతో ఎవరు నిలబడతారు? ఆ మాట ఆయనతో అనబోయి, కూతురు ఎట్లా ఉందని అడిగాను.

మాది అన్ని కుక్కలతో స్నేహం చేస్తుందని చెప్పను. మంగలి షాపు దగ్గర ఉండే ఎర్రకుక్కంటే దానికి ఇప్పటికీ పడదు. అది కనబడితే మేమిద్దరం రోడ్డు దాటి అవతలి పక్కన నడుస్తాం.