మిద్దె మీద నుంచి నేను చెప్పిన వాతావరణం

దయ్యాల మాటెత్తితే నవ్వేదాన్ని నేను. మా రాయచోటి వైపు ఏ ఆడపిల్లకైనా గాలి సోకిందని అంటే, ముందు దానికి కడుపు నిండా అన్నం పెట్టి చూడండి అని కసిరేదాన్ని. ఇప్పటికీ ఆ మాట మార్చుకోలేదు. నేను రాస్తున్న దాంట్లో తెల్లచీరలు, అర్ధరాత్రి అడుగుల చప్పుళ్ళు ఏమీ లేవు. పట్టపగలు జరిగింది. చేసింది కూడా నేనే. అయినా ముప్పై ఏళ్ళు దాటినా అది నన్ను వదల్లేదు.

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చిన ఏడాది నేను అక్కడే రుమైథియా అనే పేటలో ఒక ఇంట్లో పనిచేస్తున్నాను. అప్పటికి రెండేళ్ళయింది. ఇంట్లో ఉండేది బాబా, మామా ఇద్దరే. అక్కడ పనివాళ్ళు యజమానిని, ఆయన భార్యను అలాగే పిలుస్తారు. వాళ్ళకు ఒక్కడే కొడుకు, పేరు బదర్. అంతకు ముందు ఏడాది చదువు కోసం ఎక్కడో ఉత్తరాన ఒక చలిదేశం వెళ్ళాడు. వాడి కాలేజీ సముద్రం ఒడ్డునే అట. ఆ ఊరి పేరు నా నోరు తిరిగేది కాదు.

మామాకు ఒక అలవాటు ఉండేది. రోజూ ఉదయం ఏడున్నర వార్తల తర్వాత ఆ దేశం రేడియోలో తీర ప్రాంతానికి వాతావరణం ఎలా ఉండబోతోందో చెప్పేవారు. అది విని, ఈ రోజు వాన అంటే కొడుకు గదిలో మంచం మీద వాడి పాత రెయిన్‌కోటు పరిపించేది. చలి అంటే స్వెట్టరు. ఇస్త్రీ చేసి పరవడం నా పని. బయట నలభై అయిదు డిగ్రీల ఎండ మండుతుంటే నేను ఉన్ని బట్టలు ఇస్త్రీ చేస్తూ లోపల్లోపల తిట్టుకునేదాన్ని. వాతావరణాన్ని గోడ మీది కేలండర్‌లో కూడా రాసుకునేది ఆమె.

ఆగస్టులో సైన్యం వచ్చేసరికి బాబా పని మీద కైరోలో ఉండి అక్కడే చిక్కుకుపోయాడు. ఫోన్లు పోయాయి. ఉత్తరాలు ఆగిపోయాయి. వీధి చివర సైనికులు కాపలా పెట్టారు. ఇంట్లో మేమిద్దరమే మిగిలాం. బదర్ గురించి మామాకు తెలిసేది ఇక ఆ ఊళ్ళో ఎండో వానో, అంతే.

ఇంట్లో రేడియో గరగరమనేది. మిద్దె మీద, నీళ్ళ ట్యాంకు పక్కన పెడితేనే కాస్త వినపడేది. మామాకు మోకాళ్ళ నొప్పులు, మెట్లెక్కలేదు. అందుకని నాకు పది ఇంగ్లీషు మాటలు నేర్పింది. రెయిన్, విండ్, కోల్డ్, ఫాగ్, ఇలాంటివి. నేను చిన్న రేడియో కొంగులో దాచుకుని పైకి వెళ్ళేదాన్ని. ఆమె కింది మెట్టు మీద కూర్చుని తల పైకెత్తి చూస్తూ ఉండేది.

కొన్ని రోజులు బాగానే వినిపించింది. సెప్టెంబరు మొదట్లో ఆ స్టేషన్ ఇక పలకలేదు. ఎంత తిప్పినా హోరు తప్ప ఏమీ లేదు. కిందికి దిగి ఆ మాటే చెప్దామనుకున్నాను. ఆమె ముఖం చూశాక నోరు రాలేదు. ‘పొద్దున చినుకులు, మధ్యాహ్నం ఎండ’ అన్నాను. అంతే, ఆమె ముఖం తేటపడింది.

ఆ రోజు నుంచి నేనే రేడియో. మిద్దెక్కి పది నిమిషాలు ఊరికే కూర్చుని, దిగి వచ్చి ఏదో ఒకటి చెప్పేదాన్ని. చలిదేశం నాకేం తెలుసు? మదనపల్లె వైపు చలికాలం తెలుసు, అంతే. సగం అదే చెప్పాను. రానురాను నాకూ రుచి మరిగింది. ఒకరోజు ఏం తోచక రాళ్ళవాన పడిందని చెప్పేశాను. ఆమె కళ్ళు పెద్దవి చేసి, ‘ఇప్పుడా, ఈ నెలలోనా’ అంది. ‘అవును మామా, పెద్ద పెద్ద రాళ్ళంట’ అన్నాను. అది కూడా కేలండర్‌లో రాసుకుంది. నేను వంటింట్లోకి పోయి నవ్వుకున్నాను.

సెప్టెంబరు చివర్లో, పక్క వీధిలో డ్రైవరుగా చేసే సుబ్బరాయుడు వచ్చాడు. పులివెందుల మనిషి. గేటు దగ్గరే నిలబడి చెప్పాడు.

"అక్కా, బేస్తవారం పొద్దన్నే మనోళ్ళ బస్సు కదల్తాదంట. బస్రా మీద బాగ్దాదు, ఆడ్నుంచి జోర్డాన్. పాస్‌పోర్టు ఉంటేనే ఎక్కిచ్చుకుంటారంట. ఇది తప్పితే మళ్ళా ఎప్పుడో ఏమో."

నా బిడ్డకు అప్పుడు అయిదేళ్ళు. మా అక్క దగ్గర వదిలి వచ్చాను. రెండు నెలలుగా దానికి నేను ఉన్నానో పోయానో తెలియదు. మామాను పాస్‌పోర్టు అడిగాను. బీరువా తాళం బాబా దగ్గర ఉందని చెప్పింది. ఆ తాళం ఆమె మెడలో గొలుసుకే ఉంది. స్నానానికి వేణ్ణీళ్ళు పెట్టేదాన్ని నేనే, నాకు తెలియదా? ఒంటరిగా ఉండిపోతానని ఆమె భయం. అది అర్థమైంది. అయినా ఒళ్ళు మండిపోయింది.

మరుసటి రోజు మంగళవారం. మామూలుగానే మిద్దెక్కాను. రేడియో ఆన్ కూడా చేయలేదు. నా బిడ్డను తలుచుకుని ఏడ్చాను. ఎనిమిదింటికి కిందికి దిగుతుంటే ఆమె ఎప్పటిలాగే ముఖం పైకెత్తి చూస్తోంది. ఆమెను ఏడిపించాలనిపించింది. అబద్ధమెందుకు, అదే అనిపించింది.

"ఈ రోజు బాగలేదు మామా. పొగమంచు. ఎదుట మనిషి కూడా కనపడ్డంట. సముద్రంలోకి పోయినోళ్ళు ఇంకా తిరిగి రాలేదంట."

నా వచ్చీరాని అరబీలోనే అన్నాను. ఆమెకు బాగానే అర్థమైంది. పొగమంచు నేను చూసింది టమోటా తోటల మీదే. సముద్రం మీద కూడా అది దిగుతుందని నాకు అప్పటికి తెలియదు. ఆ మాట ఎందుకు వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను.

బదర్ బట్టల అరలోంచి మందపాటి స్వెట్టరు తీసి, ఇస్త్రీ చేసి మంచం మీద పరిచాను. మధ్యాహ్నం భోజనానికి పిలవడానికి వెళితే మామా ఆ మంచం మీదే కూర్చుని ఉంది. స్వెట్టరు ఒళ్ళో పెట్టుకుని, ‘ఎందుకు తడిపావు’ అని అడిగింది. నేను తడపలేదు. చేత్తో పట్టుకుని చూశాను. మెడ దగ్గర నుంచి చేతుల దాకా తడి. చల్లగా ఉంది, ఐస్‌పెట్టెలోంచి తీసినట్టు. ఉప్పు వాసన.

ఆ ఇల్లూ సముద్రం దగ్గరే కాబట్టి గాలిలో చెమ్మ ఉంటుంది. సెప్టెంబరులో అలా అవుతుందని తర్వాత చాలామంది చెప్పారు. కావచ్చు. ఆ గదిలో ఏసీ ఆపేసి చాలా రోజులైంది. స్వెట్టరు కింద పరిచిన దుప్పటి మాత్రం పొడిగా ఉంది.

ఆ రోజంతా ఆమె ఆ గది వదల్లేదు. నమాజు అక్కడే. అన్నం ముట్టలేదు. బుధవారం పొద్దున మెడలోంచి గొలుసు తీసి, బీరువా తెరిచి, పాస్‌పోర్టు నా చేతిలో పెట్టింది.

"తీసుకో రమణా. నీ బిడ్డ కూడా నీ కబురు కోసం నాలాగే చూస్తుంటుంది. యల్లా, పో."

నేను కాళ్ళ మీద పడి, రేడియో మాట అబద్ధమని చెప్పేయాల్సింది. చెబితే పాస్‌పోర్టు వెనక్కి లాక్కుంటుందని భయపడ్డాను. ఆమె చెల్లెలు తోడుగా వచ్చి ఉంటుందని తెలిసి, గురువారం బస్సెక్కాను. దారి పొడవునా దుమ్ము, దాహం, గుడారాలు. ఎలాగో బొంబాయి చేరి, అక్కడి నుంచి ఇల్లు చేరాను.

యుద్ధం ముగిసిన ఏడాది చివర్లో మామా మళ్ళీ వీసా పంపింది. వెళ్ళాను. మనిషి సగమైపోయింది. నన్ను చూడగానే చెయ్యి పట్టుకుని కొడుకు గదిలోకి తీసుకెళ్ళింది. మంచం మీద ఒక ఉత్తరాల కట్ట, పక్కనే ఆ ఏటి కేలండర్.

బదర్ లేడు. నేను బస్సెక్కడానికి రెండు రోజుల ముందు, ఆ మంగళవారమే, ఇద్దరు స్నేహితులతో చిన్న పడవలో సముద్రం మీదికి వెళ్ళాడట. పొగమంచు దిగిందట. పడవ దొరికింది, పిల్లలు దొరకలేదు. ఈ కబురు మామాకు అందింది యుద్ధం ముగిశాకే.

ఆ ఉత్తరాలు వాడు తల్లికి రాసినవి. కువైట్‌కు పోస్టు లేదని తెలిసీ రోజుకొకటి రాసి దాచాడు. అమ్మ అడిగేది అదే కాబట్టి ప్రతి ఉత్తరం వాతావరణంతోనే మొదలుపెట్టాడు. మామా ఒక్కో ఉత్తరం చదువుతూ కేలండర్ మీద వేలు పెట్టి చూపించింది. చినుకులన్న రోజు చినుకులు. గాలన్న రోజు గాలి. రాళ్ళవాన పడిందని నేను నవ్వుకున్న రోజు, ‘అమ్మా, ఈ రోజు కిటికీ అద్దం పగిలేలా వడగళ్ళు పడ్డాయి’ అని రాశాడు. చివరి ఉత్తరం సోమవారానిది.

గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఆమె నా తల నిమిరింది.

"నువ్వు విని చెప్పావు కాబట్టి ఆ రోజంతా నా బిడ్డ కోసం దువా చేసుకున్నాను. లేకపోతే వాడు మునిగిపోతుంటే నేనిక్కడ కూర్చుని అన్నం తినేదాన్ని. దేవుడు నిన్ను చల్లగా చూడాలి."

ఆ తర్వాత ఆ ఇంట్లో పదకొండేళ్ళు పనిచేశాను. మామా నా చేతుల్లోనే పోయింది. నేను వినలేదని, కోపంతో కల్పించానని ఆమెకు చెప్పలేదు. చెప్పే ధైర్యం లేకపోయింది.

ఆమె పోయాక కాగితాలు సర్దుతుంటే, అక్కడి పోలీసులు పంపిన కాగితం బయటపడింది. ఆమె చెల్లెలి కొడుకు చదివి చెప్పాడు. పడవ ఒడ్డు వదిలింది వాళ్ళ గడియారం ప్రకారం ఉదయం ఏడింటికి. కువైట్‌లో అప్పుడు ఎన్ని గంటలవుతుందని అడిగాను. తొమ్మిది అన్నాడు.

నేను మిద్దె దిగి ఆ మాట అన్నది ఎనిమిదింటికి. సముద్రంలోకి పోయినోళ్ళు తిరిగి రాలేదని నేను అన్నప్పుడు, ఆ ముగ్గురు పిల్లలు ఇంకా ఒడ్డు మీదే ఉన్నారు. పడవ ఎక్కలేదు. జరగబోయేది నాకెలా తెలిసిందో, లేక నేను అన్నందుకే జరిగిందో ఎంత ఆలోచించినా తేలలేదు. మామా ఇచ్చిన దీవెన మాత్రం నా మీద అలాగే ఉంది, తిరిగి ఇచ్చేద్దామంటే ఆమె లేదు.