బుడగ పగిలిన ఎత్తు

ఆగస్టు పంతొమ్మిది, బుధవారం, సాయంత్రం. అనంతపురం వాతావరణ పరిశీలన కేంద్రం. హాజరు: కేంద్రం బాధ్యుడిగా నేను, పరిశీలకుడు నూర్ బాషా, బుడగ నింపే నారాయణప్ప. పడమటి గాలి, బలంగా. మేఘాలున్నాయి, వాన లేదు.

నా డైరీలో ఆ రోజు పుట ఇలా మొదలవుతుంది. అప్పటికి నా పదవీ విరమణకు రెండేళ్ళుంది.

మా పని గురించి కొంచెం చెప్పాలి. రోజుకు రెండుసార్లు, పొద్దున ఐదున్నరకు, సాయంత్రం ఐదున్నరకు, హైడ్రోజన్ నింపిన రబ్బరు బుడగను వదులుతాం. దానికి వేలాడే చిన్న పెట్టెను సోండే అంటాం. అది పైకి పోతూ వేడినీ తేమనూ పీడనాన్నీ రేడియోలో కిందికి చెబుతుంది. బుడగ కొట్టుకుపోయిన దారిని బట్టి ఏ ఎత్తున ఏ గాలి ఉందో తెలుస్తుంది. పైకి పోయేకొద్దీ బుడగ ఉబ్బి ఉబ్బి చివరికి పగులుతుంది. ఆ ఎత్తును రిజిస్టరులో రాస్తాం. ఎంత పైన పగిలితే అంత మంచి పరిశీలన. బయటివాళ్ళకు అది ఒక అంకె. మాలో మాకు అదే పరువు.

ప్రపంచంలో ఈ పని చేసే కేంద్రాలన్నీ ఒకే వేళకు బుడగలు వదులుతాయి. కాబట్టి నేను అనంతపురంలో వదులుతున్న క్షణంలోనే, దక్షిణ ధ్రువ ఖండంలోని మన స్థావరంలో ఓబులేసు వదులుతుండేవాడు. ఈ సంగతి నేను రోజుకు రెండుసార్లు గుర్తు చేసుకునేవాణ్ణి.

ఓబులేసుది బెళుగుప్ప. నా కింద ఆరేళ్ళు పనిచేశాడు. ధ్రువంలో ఏడాది ఉండే ఉద్యోగానికి ఇద్దరం దరఖాస్తు పెట్టాం. నాకు ముప్పై ఏళ్ళ అనుభవం ఉంది. వైద్య పరీక్షలో రక్తపోటు కూడా ఉందని తేలింది. అతను వెళ్ళాడు. 'ధ్రువంలో బెళుగుప్ప బిడ్డ' అని పత్రికలో ఫొటో పడింది. కత్తిరించి డైరీలో అంటించాను. బుడగలో నింపేది ఆక్సిజన్ అని ఆ వార్తలో తప్పు పడింది. సవరించమని పత్రికకు కార్డు రాశాను. వాళ్ళు పట్టించుకోలేదు.

ఆ నెల నుంచే డైరీలో రెండు గళ్ళు గీశాను. ఒకటి మా బుడగ పగిలిన ఎత్తు, రెండోది అతనిది. ధ్రువం అంకెలు అందరు పరిశీలకులకూ తెర మీద కనిపిస్తాయి కాబట్టి దీనికి ఎవరి అనుమతీ అక్కరలేదు. మొదట్లో ఇద్దరం సమానంగా ఉండేవాళ్ళం. అక్కడ చలికాలం ముదిరాక అతని బుడగలు సగం ఎత్తు కూడా చేరకుండా పగలడం మొదలైంది. పదకొండు బుడగలు వరసగా అంతే. సంతోషించానని డైరీలో ఎక్కడా రాయలేదు. కాని ఆ పదకొండు అంకెల కిందా ఎర్ర సిరాతో గీత ఉంది.

ధ్రువంలో ఇది మామూలు లోపం కాదు. మంచు తుఫానులను తోలుకొచ్చే గాలి ఎనిమిది, తొమ్మిది కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. చుట్టుపక్కల వేల మైళ్ళలో ఇంకో కేంద్రం ఉండదు. అక్కడి ఒక్క బుడగ చెప్పేదే అంచనా వేసే కంప్యూటర్లకు ఆధారం. అది ఆ గాలి దాకా పోకుండా పగిలితే తుఫాను వచ్చి తలుపు తట్టేదాకా తెలియదు.

ఆ బుధవారం సాయంత్రం మా బుడగ పగిలాక ఫోను మోగింది. ఉపగ్రహ ఫోను, ఓబులేసు గొంతు. నూర్ బాషా అందరికీ వినిపించేలా మీట నొక్కాడు.

"సార్, బుడగలన్నీ ఎనిమిది కిలోమీటర్ల లోపలే పగుల్తాండాయి. గ్యాసు తగ్గించి చూస్తిని, పెంచి చూస్తిని. ఏమీ కాలేదు. మావాళ్ళు నలుగురు గాలి కొలిచే స్తంభం రిపేరుకని పోయి నలభై కిలోమీటర్ల అవతల గుడిసెలో ఉండారు. రేపు పొద్దున బుడగ చూసి, వాళ్ళు కదలాల్నా వద్దా నేను చెప్పల్ల. మీ డైరీలో ఏమన్నా ఉండాదేమో చూడండి సార్."

నా డైరీలో ఉంది. ఏ పుటలో ఉందో కూడా తెలుసు.

నారాయణప్పకు ఒక అలవాటు ఉండేది. సాయంత్రం బుడగను నింపే ముందు దాన్ని గుడ్డలో చుట్టి, షెడ్డు బయట ఎండకు కాలిన బండ మీద అరగంట పెట్టేవాడు. షెడ్డులో నిప్పు నిషిద్ధం కాబట్టి పొద్దున పూట బయటి నుంచి తెచ్చిన వేన్నీళ్ళ క్యాను మీద పెట్టేవాడు. తొమ్మిదేళ్ళ కిందట ఒక చలికాలం పొద్దున తొందరలో మానేస్తే బుడగ సగం ఎత్తులోనే పగిలింది. కారణంతో సహా డైరీలో రాసుకున్నాను. చల్లబడిన రబ్బరు గట్టిపడుతుంది, సాగదు. నియమావళిలో 'చలి ప్రదేశములలో బుడగను ముందుగా సిద్ధపరచవలెను' అని ఒక్క వాక్యం ఉంది. ఎలాగో లేదు. ఓబులేసు ఆరేళ్ళూ కంప్యూటరు గదిలో కూర్చున్నవాడు. మా ఎండ, నారాయణప్ప అలవాటు కలిసి చేసిన పని అతని కంట పడలేదు. అక్కడ మంచులో ఉన్న గిడ్డంగి నుంచి తీసిన బుడగను తీసినట్టే నింపుతున్నాడు.

"ఇది పరికరాల లోపం. ప్రాంతీయ కార్యాలయానికి రాతపూర్వకంగా తెలియజెయ్యి. అక్కడి నుంచి నాకు వస్తే చూస్తాను" అన్నాను.

"అది తిరిగి మీ కాడికి వచ్చేతలికి వారమైతాది సార్. గుడిసెలో మూడు దినాలకే డీజిల్ ఉండాది."

"నియమం నియమమే" అని ఫోను పెట్టేశాను.

నారాయణప్పది విడపనకల్లు. పై అధికారి అని మాట మింగే రకం కాదు. చేతులు తుడుచుకుంటూ నా వైపు చూశాడు. "దప్పికైనోడు నీళ్ళడిగితే అర్జీ రాసి తెమ్మంటాండావు. బాగుండాదప్పా సార్ నీ న్యాయం" అన్నాడు. నూర్ బాషా తెర వైపు తిరిగి నవ్వుకున్నాడు. నేను డైరీ సంచిలో పెట్టుకుని ఇంటికి వెళ్ళిపోయాను.

మర్నాడు వేళ కంటే ముందే కేంద్రానికి వెళ్ళాను. పొద్దున బుడగ వదిలాం. రెండు గంటల తరువాత ధ్రువం అంకెలు తెర మీదికి వచ్చాయి. ఓబులేసు బుడగ ఇరవై రెండు కిలోమీటర్లు పోయింది. మాది ఇరవై ఒకటే.

అంకెల వెనకనే నా పేర సందేశం వచ్చింది. రబ్బరు వెచ్చబెట్టమన్న సలహా పనిచేసిందనీ, తొమ్మిది కిలోమీటర్ల దగ్గర గాలి ఎవరూ అనుకోనంత బలంగా ఉందనీ, సాయంత్రంలోగా తుఫాను తప్పదని అంచనా వచ్చిందనీ, నలుగురినీ గుడిసె వదిలి కదలవద్దన్నాననీ రాశాడు. చివర 'మీ డైరీకి నమస్కారం సార్' అని ఉంది.

నారాయణప్పను పిలిచి అడిగాను. "నువ్వు పోయినాక మళ్ళా ఫోన్ చేసినాడు. చెప్తిని. అర నిమిషం పట్టింది" అన్నాడు.

"నా పేరు ఎందుకు చెప్పావు?"

"బండ మీద పెట్టే నారాయణప్ప చెప్పినాడంటే ఆడ వాళ్ళ పెద్దాఫీసరు వింటాడా? సార్ డైరీలో ఉండాదంటే వింటాడు. పని జరగల్ల గదా" అన్నాడు. నా మీద దయతో చెయ్యలేదని అతని ముఖంలోనే ఉంది.

తరువాత సంగతి ఒక్క వాక్యంలో చెబుతాను. తుఫాను ఆ సాయంత్రమే వచ్చింది, నలుగురూ మూడో రోజున క్షేమంగా స్థావరం చేరారు.

ఆ ఉదయం నేను రెండు పనులు చేశాను. ఒకటి, ఓబులేసుకు జవాబు. రెండుసార్లు రాసి కొట్టేశాను. కొట్టేసిన వాటిలో 'మాలో ఎవరు చెబితేనేం' అన్న మాట ఉంది. మూడోసారి 'ఉపాయం నారాయణప్పది. నిన్న నాకు తెలిసీ చెప్పలేదు' అని పంపాను. జవాబు రాలేదు. రెండు, బుడగను ఎలా వెచ్చబెట్టాలో కేంద్రం సూచనల రిజిస్టరులో నారాయణప్ప పేరుతో ఎక్కించి, ప్రాంతీయ కార్యాలయానికి ప్రతి పంపాను. నేర్చుకున్నది అంతే: పనికి సంబంధించి తెలిసినది కేంద్రం రిజిస్టరులో ఉండాలి, సొంత డైరీలో కాదు. అది నా డైరీలో తొమ్మిదేళ్ళు ఉండిపోయింది.

మా వృత్తిలో తప్పు అంకెను చెరపకూడదు. ఒక గీత కొట్టి, పైన సరైనది రాసి, దిద్దినవాళ్ళు తమ పేరు పొడి అక్షరాలు పెట్టాలి. ఆ ఉదయం ఓబులేసు గడిలో ఇరవై రెండు అని నీలి సిరాతో రాశాను. పైనున్న పదకొండు ఎర్రగీతలకు సవరణ ఏమి రాయాలో తోచలేదు. వాటి పక్కన పొడి అక్షరాలు మాత్రం పెట్టాను.