బోరింగు కాడి సున్నాలు

కొత్తగూడలో నీళ్ల కోసం మనుషులకంటే రాళ్లే ఎక్కువసేపు నిలబడిన రోజులవి. ఊరంతటికీ ఒక్క బోరింగు. దాన్ని కొట్టీ కొట్టీ నా కుడిచెయ్యి ఎడమచేతికంటే జానెడు పొడుగైంది (సగం నమ్మండి చాలు, ఏ సగమని అడక్కండి). కోస్తా నుంచి ఉద్యోగానికొచ్చిన కొత్త గుమాస్తాని. పొద్దున్నే సైకిలు తొక్కుకుంటూ ఆఫీసుకి, సాయంత్రం ఆ బండరాళ్ల మధ్య సైకిలు నెట్టుకుంటూ గదికి. ఇల్లుగలామెని అందరం పెద్దమ్మ అనేవాళ్లం. గది ఇచ్చేటప్పుడే ఆవిడ షరతు పెట్టింది: ఐదో తరగతి మనవరాలికి లెక్కలు చెప్పాలి, పిల్ల పరీక్ష పాసైతే నేనుండొచ్చు, తప్పితే గది మళ్లీ మేకలకి. నాకు ముందు అందులో ఉన్నది అవే. ఆ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు, తలుపు తీస్తే తెలిసేది.

పిల్లని ఊరంతా పటాకి (మా వైపు టపాకాయ) అని పిలిచేవారు. కూడికలూ తీసివేతలూ చకచకా చేసేది, దశాంశాల దగ్గర మాత్రం మొండికేసింది. 5.07 అన్నా 5.7 అన్నా ఒకటేనంటుంది. "నడుమ సున్నల ఏమున్నది సారూ? ఏం లేనిదాన్ని ఎందుకు రాయాలె?" అనేది. పొద్దంతా ఫైళ్లు మోసి వచ్చిన నేను గోడకి జారగిలబడి, కళ్లు మూసుకునే జవాబు చెప్పేవాణ్ణి. ఒకసారి చెబుతూ చెబుతూ నిద్రపోయానట, అయినా పాఠం ఆపలేదట. చివరికి ఓపిక నశించి ఆ పిల్లని బోరింగు దగ్గరికి తీసుకెళ్లాను. అక్కడ ఎవరైనా ఒక రాయి పెట్టి వెళ్లారంటే ఆ చోటు వాళ్లదే, బిందె తర్వాత తెచ్చుకోవచ్చు. బోరింగే దశాంశ బిందువనుకోమన్నాను. దాని పక్క చోటు పదోవంతులది, ఆ వెనకది వందోవంతులది. ముందు రాయి, అంటే సున్నా, దాని వెనక ఏడు. రాయిలో నీళ్లు పట్టవు, నిజమే, కానీ దాన్ని తీసేస్తే వెనకున్న ఏడు ముందుకు జరిగి పదింతలైపోతుంది. పటాకి కళ్లు మెరిశాయి. ఆ ఊపులో ఇంకో ముక్క కూడా చెప్పాను (అక్కడితో ఊరుకోవలసింది): అన్నిటికంటే చివరనున్న సున్నాలకి విలువ లేదు, తీసేసినా ఎవరి చోటూ మారదు.

మర్నాడు ఆదివారం. మంచం మీంచి లేవకముందే గుమ్మంలో ఆడవాళ్లు, ఒక్కొక్కరి చంకలో ఖాళీ బిందె. పటాకి వెళ్లి లైను చివరి రాళ్లన్నీ ఏరి తుప్పల్లో పారేసిందట. ఈలోగా ఇంకెవరో వచ్చి ఆ చోట్లలో బిందెలు పెట్టేసుకున్నారు. పోయిన రాళ్లలో పెద్దమ్మది కూడా ఉంది. నా గది ఇక మేకలదేననుకున్నాను.

"సారే చెప్పిండు, ఎన్కటి సున్నలు ఉత్తయని," అంది పటాకి, ఏమాత్రం బెదరకుండా. "నడుమ రాళ్లు నేను ముట్టలే."

"అంటే మేము ఉత్తోళ్లమా సారూ? మా ఎన్క ఇంకెవ్వరు రారా ఏంది?" అందొకామె. లెక్కలో అంకెల వెనక ఎవరూ రారు, కొత్తగూడలో వస్తూనే ఉంటారు.

పెద్దమ్మ నన్ను వదిలి మనవరాలి వైపు తిరిగింది. "నడుమ రాయి తీస్తె ఏమైతుండె?"

"ఎన్కామె ముందలికొస్తది. పదింతలైతది."

పెద్దమ్మ మెల్లగా, "ఇగ ఫికర్ లేదు, పోరి పాసైతది. మేకలు పెరట్లనే ఉంటయ్," అంది. నేను ఊపిరి పీల్చుకునేలోపే, "నువ్వు జర లేచి లైన్ల నిలబడు సారూ, మా రాళ్ల బదులు," అని కూడా అంది.

నిలబడ్డాను. ఒకామె చోటు వచ్చాక ఇంకొకామె కోసం మళ్లీ చివరికి పోయి, ఎండ నడినెత్తికెక్కేదాకా నిలబడ్డాను. ఆఖరికి నా వంతు వచ్చేసరికి నా చేతిలో బిందె లేదు.

ఆ ఏడాది పటాకి పాసైంది, నేను గదిలో ఉండిపోయాను. బోరింగున్న చోట ఇప్పుడు పెద్ద భవనాలు లేస్తున్నాయి. నా జుట్టు నెరిసింది. ఏ లైనులోనైనా ఎవరైనా "జర నా జాగ చూడుర్రి సారూ" అంటే ఈనాటికీ కాదనలేను. నిలబడగానే ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుంటాను. ఎవరో ఒకరు వచ్చి నా వెనక నిలబడతారు, అప్పుడు కాస్త కుదుటపడతాను.